పొందికలో ఒక తప్పు

"మీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా సినిమావాళ్లని చూసిందాండీ?"

షాలిని లాప్‌టాప్ మీంచి తలెత్తింది. ఎదురుగా నిలబడ్డ అబ్బాయి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ముఖం నిండా అనుమానం ఉంది. మెడలో వేలాడుతున్న కార్డు మీద చరణ్ తేజ, డేటా మేనేజర్ అని ఉంది.

"చూడదండీ. అది లెక్కలే చూస్తుంది."

"అదే నా బాధ. ఇక్కడ రోజుకి నాలుగు గంటల ఫుటేజ్ అంటే ఎనిమిది గంటలని అర్థం. ముగ్గురు ఎడిటర్లంటే ఆరుగురు. మీ లెక్కలో అది ఎక్కడుంది?"

"అయితే ఎనిమిదని కొట్టండి. ఆరుగురని కొట్టండి. మీరే తక్కువ చెప్పి, సరిపోలేదని మా మీద పడితే ఎలా?"

గోడ పక్కన స్టూలు మీద కూర్చున్న బాలనర్సయ్య కిసుక్కున నవ్వాడు. ఆయన ఆ స్టూడియోలో ఇరవై ఏళ్లుగా కరెంటూ, ఏసీలూ చూసుకుంటున్నాడు. "మంచిగ దొరికిండు. ఇన్నేండ్లల్ల ఈ పిలగానికి గిట్ల జవాబిచ్చినోళ్లు లేరు," అన్నాడు.

అది ఫిల్మ్ నగర్‌లోని 'కలనేత' అనే పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియో. షూటింగ్ అయిపోయిన సినిమాలు ఎడిటింగుకీ, రంగులు దిద్దడానికీ, సౌండ్ కలపడానికీ అక్కడికి వస్తాయి. అంత సినిమా ఒక డిస్కులో పట్టదు. పాతిక డిస్కులు పట్టే పెద్ద పెట్టె కొన్నారు. ఆ డిస్కుల్ని ఎలా అమర్చాలో తేల్చడానికే షాలిని వచ్చింది.

జూబ్లీ హిల్స్ చెక్ పోస్టుకి దగ్గర్లో, ఒక డెంటల్ క్లినిక్ పై అంతస్తులో ఉన్న చిన్న కంపెనీ ఆమెది. వాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్ పేరు 'పొందిక'. ఎంత ఫుటేజ్ వస్తుంది, ఎంతమంది ఒకేసారి పని చేస్తారు, ఒక డిస్కు పాడైనా పని ఆగకూడదా అని అది వరసగా అడుగుతుంది. జవాబులిస్తే ఎన్ని డిస్కులు కావాలో, వాటిని ఏ గుంపులుగా కట్టాలో, ఎన్నింటిని స్టెప్నీలుగా పక్కన ఉంచాలో చెప్తుంది. అన్నీ సరిపోతే పచ్చ టిక్కు పెడుతుంది. డిస్కులు పెట్టాక వాటి బాగోగులు కూడా తెర మీద చూపిస్తూ ఉంటుంది. ఆ టిక్కు పెట్టే భాగం రాసింది షాలినీయే.

ఎనిమిది గంటలు, ఆరుగురు ఎడిటర్లు అని కొట్టి చూశారు. పన్నెండేసి డిస్కులతో రెండు గుంపులు వచ్చాయి. ఒక్కో గుంపులో ఏ ఒక్క డిస్కు పోయినా సినిమాకి ఏమీ కాదు. పోయిన వెంటనే స్టెప్నీ డిస్కు దాని స్థానంలోకి ఎక్కి, మిగతా డిస్కుల సాయంతో పోయిన డేటా మొత్తం తనలో రాసుకుంటుంది.

"కానీ కొత్త డిస్కులు ఇరవై నాలుగే వచ్చాయి," అన్నాడు చరణ్. "ఇంకోటి కావాలంటే మూడు వారాలు ఆగాలట. సినిమా రేపొస్తుంది."

"మీ దగ్గర పాత డిస్కులు ఉన్నాయి కదా? పక్కనున్న చిన్న పెట్టెలో రెండు పెట్టి కలపండి. అవే స్టెప్నీలు."

"పాతవా? అవి పన్నెండు టీబీవి, చిన్నవి. ఇవి పదహారువి."

షాలిని వివరాలు కొట్టింది. తెర మీద పచ్చ టిక్కు మెరిసింది. ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

చరణ్ ఆ టిక్కు వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. టిక్కు మీద ఉన్న అనుమానం ఆమె మీదికి వచ్చేసరికి కాస్త తగ్గినట్టుంది. "సరే, పచ్చ టిక్కు గారూ. మీ మాట మీద పెడుతున్నాను," అని ప్లాన్ కాగితం మీద సంతకం పెట్టాడు.

*

ఆ తర్వాత అయిదు వారాల్లో చరణ్ ఆమెకి ఎన్నిసార్లు ఫోన్ చేశాడో లెక్కలేదు. మొదట్లో పని ఉండి చేశాడు. రానురాను పని కల్పించుకుని చేశాడు.

"అండీ, తెర మీద అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయి."

"ప్లస్ గుర్తు నొక్కండి."

"నొక్కాను. పెద్దవయ్యాయి. థాంక్సండీ. భోజనం చేశారా?"

వారానికోసారి షాలిని పెట్టె పరిస్థితి చూడటానికి స్టూడియోకి వెళ్లేది. పదిహేను నిమిషాల్లో అయిపోయే పనికి రెండు గంటలు పట్టేది. స్టూడియో గేటు ఎదురుగా టీ బండి ఉంది. అక్కడ కిరీటం తీసి చంకలో పెట్టుకున్న మహారాజులూ, నుదుటి మీద రంగు రక్తం ఆరని రౌడీలూ, సగం మేకప్ పోలీసులూ టీ తాగుతూ ఉండేవాళ్లు. వాళ్ల మధ్య నిలబడి చరణ్ ఆమెకి సినిమా వాళ్ల కబుర్లు చెప్పేవాడు. ఆమె అతనికి డిస్కుల కబుర్లు చెప్పేది. ప్రపంచంలో డిస్కుల కబుర్లు అంత ఇష్టంగా వినేవాడు ఉంటాడని షాలిని ఎప్పుడూ అనుకోలేదు.

ఒక రోజు ఆమె అడిగింది. "మొదటి రోజు ఎందుకంత అనుమానంగా మాట్లాడారు?"

చరణ్ టీ గ్లాసు చేతిలో తిప్పాడు.

"నా మొదటి ఉద్యోగంలో ఒక డిస్కు నా చేతిలో పోయిందండీ. ఒకాయన తీసిన చిన్న సినిమా. కాపీ లేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. భుజం తట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి."

ఆ సాయంత్రం ఇంటికెళ్లే బస్సులో షాలిని అతని గురించి మోతీనగర్ దాకా ఆలోచించింది. ఇంటి దగ్గరి స్టాపు దాటిపోయింది. మూడొందల గజాలు వెనక్కి నడిచింది.

*

ఒక శుక్రవారం చరణ్ ఫోన్ చేశాడు. గొంతు ఎప్పటిలా లేదు.

"రేపు కాఫీకి రాగలరా? ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. ఫోన్లో చెప్పేది కాదు."

మర్నాడు షాలిని ఆవపువ్వు రంగు కుర్తా వేసుకుంది. తీసేసింది. నీలం వేసుకుంది. మళ్లీ ఆవపువ్వు రంగుదే వేసుకుంది. వాళ్లమ్మ ఫిలోమినా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. చూడగానే రోగం చెప్పేస్తుంది.

"ఆఫీసు పనా?"

"అవునమ్మా."

"శనివారం?"

"అర్జెంటు."

"జుంకాలు కూడా పెట్టుకున్నావంటే అర్జెంటే," అని ఫిలోమినా లోపలికి వెళ్లిపోయింది.

జూబ్లీ హిల్స్‌లో ఆ కాఫీ షాపు అద్దాల మీద వాన చినుకులు జారుతున్నాయి. చరణ్ ఆమె కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాఫీ వచ్చింది. చల్లారింది. అతను నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. చివరికి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

ఉత్తరం! ఈ రోజుల్లో కూడా ఉత్తరం రాసే మనిషి! షాలిని మడత విప్పింది.

పైన గీత గీసి ఉంది. 'పొందిక సాఫ్ట్‌వేర్‌లో గమనించిన ఆరు లోపాలు.'

ఆమె తలెత్తింది. "ఇదేనా ముఖ్యమైన మాట?"

"అంటే... ఇది కూడా ముఖ్యమే కదండీ."

"ఇది కూడా అంటే? ఇంకోటి ఉందా?"

చరణ్ ముఖం ఎర్రబడింది. పక్క టేబుల్ వైపు చూశాడు. అద్దం వైపు చూశాడు. "లేదండీ," అన్నాడు.

"ఈమెయిల్ చేస్తే సరిపోయేది కదా!"

కాగితం బ్యాగులో కుక్కి, గొడుగు కూడా తెరవకుండా బయటికి నడిచింది. జుంకాల్లోంచి వాన నీళ్లు కారాయి. ఇంటికెళ్లాక ఫిలోమినా తువ్వాలు అందించింది.

*

సోమవారం చరణ్ నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. షాలిని ఎత్తలేదు. ఏడో లోపం దొరికినట్టుంది అనుకుంది. మంగళవారం రెండు వచ్చాయి. అవీ ఎత్తలేదు. మెసేజీలు తెరవకుండా పక్కన పెట్టేసింది.

బుధవారం పొద్దున పదింటికి టీమ్ లీడ్ పూజిత వచ్చి కుర్చీ లాక్కుంది. "కొత్త వెర్షన్‌కి కస్టమర్లు చెప్పినవన్నీ రాయాలి. ఫిల్మ్ నగర్ వాళ్లు ఏమన్నా చెప్పారా?"

"చెప్పారు. ఘనంగా," అంది షాలిని. బ్యాగు అడుగు నుంచి ఆ కాగితం తీసి, ముడతలు సాపు చేసి చదవడం మొదలుపెట్టింది. అక్షరాలు చిన్నవి. నిజమే. తేదీ తిరగబడి కనిపిస్తోంది. నిజమే. మూడోది కూడా నిజమే.

నాలుగోది ఇలా ఉంది. 'స్టెప్నీ డిస్కు సైజు ఇది చూస్తోందా? చిన్న డిస్కు పెద్దదాని స్థానంలోకి ఎలా ఎక్కుతుంది? నా తెలివితక్కువ అనుమానమే కావచ్చు. చూశానని మీరు ఒక్క మాటంటే చాలు, ఇంక అడగను.'

"చూడకుండా ఎలా ఉంటుంది?" అని గొణుక్కుంటూ షాలిని ప్రోగ్రాం తెరిచింది. గుంపులో పదహారు టీబీ, స్టెప్నీ పన్నెండు. పచ్చ టిక్కు వచ్చింది. స్టెప్నీ ఎనిమిది అని కొట్టింది. పచ్చ టిక్కే. ఒకటి అని కొట్టింది.

పచ్చ టిక్కు.

ఆమె కోడ్ తెరిచింది. రెండేళ్ల కిందట తాను రాసిన ఆరు వరసలు. అవి స్టెప్నీలు ఎన్ని ఉన్నాయనే చూస్తున్నాయి. ఎంతవి ఉన్నాయని చూడటం లేదు. లారీలో స్కూటర్ టైరు పెట్టి, స్టెప్నీ ఉందిలే అని ధైర్యం చెప్పినట్టుంది.

అప్పుడు ఆమె అతని మెసేజీలు తెరిచింది.

సోమవారం: 'ఒక డిస్కు పోయింది. పెట్టె కూస్తోంది. మీ తెర మీద స్టెప్నీ సిద్ధం అని పచ్చగానే ఉంది, ఎక్కుతోందనే అనుకుంటున్నాను. ఒకసారి చూస్తారా?'

మంగళవారం: 'మీకు కోపం వచ్చిందని తెలుసు. ఇది పని గురించేనండీ.'

షాలిని లేచి నిలబడింది. చరణ్‌కి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫే.

పూజితకి రెండు ముక్కల్లో చెప్పింది. పూజిత ముఖం కూడా పాలిపోయింది. "సరే, కంగారు పడకు. సోమవారం అప్‌డేట్‌లో సరిచేద్దాం. అప్పుడు మెల్లిగా వాళ్లకి చెప్దాం. ఇప్పుడే తప్పు మనదని ఒప్పుకుంటే..."

"అక్కడ డిస్కు పోయి రెండు రోజులైంది పూజితా. ఇంకోటి పోతే సినిమా మొత్తం పోతుంది."

పూజిత లేచి వెళ్లి, ఆఫీసు టెస్టింగ్ పెట్టెలోంచి పదహారు టీబీ డిస్కు ఒకటి తనే బయటికి లాగింది. "దీన్ని తీసుకెళ్లు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పరిగెత్తు."

*

బయట వాన దంచుతోంది. షాలిని డిస్కుని చున్నీలో చుట్టి, లంచ్ బ్యాగులో పెట్టి, గుండెకి హత్తుకుని ఆటో ఎక్కింది.

"ఏంది మేడం, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నరు?" అన్నాడు ఆటో అతను అద్దంలో చూసి.

"అన్నా, కొంచెం మెల్లగా పోనివ్వు. కుదుపు తగలకూడదు. కానీ తొందరగా పోవాలి."

"మెల్లగ పోవాల్నా, జల్ది పోవాల్నా?"

"రెండూ!"

"గట్లనే," అని అతను నిజంగానే గుంతలన్నీ తప్పించుకుంటూ ఫిల్మ్ నగర్ చేర్చాడు.

మెషీన్ రూమ్ తలుపు దగ్గరే బాలనర్సయ్య ఎదురయ్యాడు. "వచ్చినవా బిడ్డా! మొన్నటిసంది కూస్తనే ఉంది. ఆయనేమో నీకు ఫోన్లు జేసుడు, నువ్వేమో ఎత్తకపోవుడు. ఏందిది?"

"ఆయనేరి?"

"సౌండ్ థియేటర్ల ఉన్నడు. ఆడ ఫోన్లు బందు. పిలుచుకొస్త ఉండు."

షాలిని పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రెండో గుంపులో ఏడో డిస్కు లైటు ఎర్రగా వెలుగుతోంది. పక్క పెట్టెలో స్టెప్నీలు రెండూ కదలకుండా, ఏ పనీ లేకుండా కూర్చున్నాయి. లోపలి రికార్డు తీసి చూసింది. 'సైజు చాలదు' అని రెండు రోజులుగా అదే మాట వందలసార్లు రాసి ఉంది. ఆమె తయారుచేసిన పచ్చటి తెర ఆ మాటని ఎవరికీ చూపించలేదు.

చరణ్ పరుగున వచ్చాడు. ఆమె తడిసిన జుట్టుని చూశాడు, ఎర్ర లైటుని చూశాడు.

"స్టెప్నీ ఎక్కలేదు," అంది షాలిని. "ఎప్పటికీ ఎక్కదు. మీ నాలుగో పాయింటు కరెక్ట్. సైజు చూడదు. ఆ కోడ్ నాదే."

చరణ్ గోడకి ఆనుకున్నాడు. సినిమాకి టేపుల మీద కాపీ ఉంది. కానీ టేపుల నుంచి తిరిగి దించాలంటే పద్దెనిమిది రోజులు పడుతుంది. రిలీజ్ పన్నెండు రోజుల్లో ఉంది. అయిదు వారాలుగా ఆరుగురు చేసిన ఎడిటింగ్ పని ఆ టేపుల్లో లేనేలేదు.

"నేను అడిగాను షాలినీ." మొదటిసారి 'గారు' లేకుండా పిలిచాడు. "మొదటి రోజే అడిగాను."

"అడిగావు."

"నువ్వు టిక్కు చూపించావు."

"చూపించాను. నీ ఫోన్లు కూడా ఎత్తలేదు. అది ఇంకా పెద్ద తప్పు."

లంచ్ బ్యాగులోంచి ఆమె చున్నీ విప్పి డిస్కు బయటికి తీసింది. అతని కళ్లు దాని మీద చదివింది ఒక్కటే. పదహారు.

ఇద్దరూ కలిసి చనిపోయిన డిస్కుని లాగారు. కొత్తదాన్ని లోపలికి తోశారు. పెట్టె కూత ఆగింది. తెర మీద ఒక గీత మొదలైంది. సున్నా. సున్నా. చాలాసేపటికి ఒక శాతం.

"ఎంత సేపు?" అన్నాడు చరణ్.

"ఎవరూ దీని మీద పని చేయకపోతే ఇరవై రెండు గంటలు. చేస్తూ ఉంటే రెండు రోజులు, అంతసేపూ ప్రమాదమే."

"అంటే సార్‌కి చెప్పాలి."

"నేను చెప్తాను," అంది షాలిని.

*

స్టూడియో యజమాని వరప్రసాద్ యాభై అయిదేళ్ల మనిషి. కోపం వస్తే కళ్లజోడు తీసి తుడుస్తాడు. షాలిని ఎక్కడా నసగకుండా మొత్తం చెప్పింది. వినేలోపు ఆయన రెండుసార్లు కళ్లజోడు తుడిచాడు.

"రిలీజ్ పన్నెండు రోజుల్లో పెట్టుకుని, నన్ను రోజంతా పని ఆపమంటావు."

"అవును సార్. తప్పు నాది. కానీ ఆపాల్సిందే."

"ప్లాన్ మీద సంతకం నాది సార్," అన్నాడు వెనకనుంచి చరణ్. "అనుమానం ఉండి కూడా పెట్టాను. తప్పు నాది."

"ఆయనది కాదు సార్. ఆయన రాసిచ్చారు కూడా. నేనే చదవలేదు."

"ఆపండి ఇద్దరూ! తప్పు నాదంటే నాదని పోటీ పడటానికి ఇదేమన్నా అవార్డు ఫంక్షనా?" వరప్రసాద్ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఫోన్ తీసి మేనేజర్‌తో మాట్లాడాడు. "ఎడిటర్లందరినీ ఇళ్లకి పంపించండి. రేపు మధ్యాహ్నం రమ్మనండి. ఎందుకా? ఏసీ పాడైందని చెప్పండి."

గుమ్మంలో ఉన్న బాలనర్సయ్యకి పౌరుషం వచ్చింది. "నా ఏసీ ఎందుకు పాడైతది సారూ? ఇంకేదన్నా చెప్పున్రి!"

ఆ మాటకి వరప్రసాద్ పెదవి ఒక మూల కదిలింది. నవ్వు అని చెప్పలేం. కానీ షాలినికి ఊపిరి కొంచెం ఆడింది.

*

మర్నాడు ఏడున్నరకే షాలిని వచ్చేసింది. చరణ్ అప్పటికే ఉన్నాడు. తొంభై ఒక శాతం. బాలనర్సయ్య ఫ్లాస్కులో టీ తెచ్చాడు. తొంభై నాలుగు. ముగ్గురూ ఆ గీత ముందు పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. డిస్కులకి వినపడితే బెదురుతాయేమో అన్నట్టు గుసగుసలాడారు.

తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయింది.

"ఎందుకాగింది?" అన్నాడు చరణ్.

"చివర్లో సరిచూసుకుంటుంది."

"ఎంతసేపు?"

"తెలీదు."

"నీకు తెలీకపోతే ఎలా?"

"భయపెట్టకు చరణ్, నాకూ భయంగానే ఉంది!"

అతని చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. ఎవరు ముందు పట్టుకున్నారో తర్వాత ఇద్దరూ చాలాకాలం వాదించుకున్నారు. తొమ్మిది దాటి నలభై నిమిషాలకి ఎర్ర లైటు ఆరిపోయింది. ఒక్క క్షణం చీకటి. తర్వాత ఆకుపచ్చ.

షాలిని కింద కూర్చుండిపోయింది. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కన్నీళ్లు వచ్చాయి. చరణ్ కూడా ఆమె పక్కన చతికిలబడి, తల వెనక్కి వాల్చి, పెద్దగా ఊపిరి వదిలాడు. మొదటి ఉద్యోగం నాటి నుంచీ బిగబట్టుకున్న ఊపిరిలా ఉందది.

"ఏడుస్తున్నవా, నగుతున్నవా బిడ్డా?" అన్నాడు బాలనర్సయ్య.

షాలిని కళ్లు తుడుచుకుని, ఈసారి తెరని నమ్మకుండా లోపలి రికార్డంతా వరస వరసగా చదివింది. అదే గుంపులో పదకొండో డిస్కులో కూడా తప్పులు పెరుగుతున్నాయి. ఇంకో రెండు మూడు రోజులు ఎవరూ చూడకపోయి ఉంటే అదీ పోయేది. చరణ్‌కి చూపించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ సంగతి కూడా షాలిని దాచకుండా వరప్రసాద్‌కి చెప్పింది. ఆయన పెట్టె ముందు నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని పచ్చ లైట్లన్నీ లెక్కపెట్టాడు.

"ఈ ఫీల్డులో తప్పులు చేసేవాళ్లని రోజూ చూస్తానమ్మా. చేసిన తప్పుని పట్టుకుని వానలో పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పినవాళ్లని చూళ్లేదు. మెచ్చుకుంటున్నానని అనుకోకు. సరైన స్టెప్నీలు రెండు వచ్చేదాకా రోజూ నువ్వే వచ్చి చూసిపోవాలి."

"రోజూనా సార్?"

"రోజూ. ఇబ్బందా?"

"లేదు సార్," అన్నాడు చరణ్.

"నిన్నడగలేదు," అన్నాడు వరప్రసాద్.

*

టీ బండి దగ్గర వాన తగ్గి ఎండ పొడ వచ్చింది. ఒక మహారాజు కత్తిని బండి చక్రానికి ఆనించి బిస్కట్టు ముంచుకుంటున్నాడు.

"ఆ రోజు కాఫీ షాపులో," అన్నాడు చరణ్, "ఆ కాగితం ఇవ్వడానికి పిలవలేదు."

"మరి?"

"ఇంకో మాట చెప్దామని పిలిచాను. ధైర్యం చాల్లేదు. చేతికి జేబులో ఆ కాగితం తగిలింది. అది తీసిచ్చేశాను."

షాలిని గ్లాసు కింద పెట్టింది. "ఆ ఇంకో మాట ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడా? ఇక్కడా? మహారాజు వింటున్నాడు."

"విననీ."

చరణ్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వంటే నాకు ఇష్టం. మొదటి రోజు నా మీద విసుక్కున్నావే, అప్పటినుంచీ. నిన్న నువ్వు తప్పు నాదే అన్నప్పుడు ఇంకా ఎక్కువైంది. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"అమ్మయ్య," అంది షాలిని.

"అమ్మయ్య అంటే అవుననా, కాదనా?"

"శనివారం నుంచి ఈ మాట కోసం ఏడుస్తున్నాను. వానలో తడిసిన ఆవపువ్వు రంగు కుర్తా కూడా ఇంకా ఆరలేదు. అవుననే."

మహారాజు బిస్కట్టు టీలో పడిపోయింది. "శుభం," అన్నాడు ఆయన, సొంత డైలాగులా.

*

ఫిలోమినాకి చెప్పడానికి షాలిని రెండు రోజులు మాటలు కూడబెట్టుకుంది. చెప్పాక ఆమె ఒకటే అడిగింది. "ఏ సంఘం?"

"వాళ్లు బాప్టిస్టులమ్మా."

"మనం ఆర్‌సీఎం, కాథలిక్కులం."

"తెలుసమ్మా."

ఫిలోమినా చిక్కుడుకాయల ఈనెలు తీసింది. భర్త పోయాక ఒక్కతే పెంచిన కూతురు. సంఘం మారిపోతుందేమో, ఆదివారం చర్చిలో పూజకి పక్కన ఎవరూ ఉండరేమో అని ఆమె భయం. ఆ భయం నోటితో చెప్పలేదు. చిక్కుడుకాయలు మాత్రం అవసరానికి మించి చాలా ఒలిచింది.

ఆ మర్నాడు ఆమె ఫోన్ మోగింది. ఎత్తగానే అవతలనుంచి గుహలోంచి వచ్చినట్టు ఒక భయంకరమైన గొంతు పలికింది. "ఫిలోమినా గారేనా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. "షాలినీ, ఎవడో రౌడీ!"

రౌడీ కాదు, చరణ్ తండ్రి సుందర్ రాజు. ముప్పై ఏళ్లుగా సినిమాల్లో విలన్లకి డబ్బింగ్ చెప్తున్నాడు. తీరా చూస్తే ఆయన సన్నగా, పొట్టిగా, చీమకి కూడా దారిచ్చేలా ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం భార్య ఎస్తేరు రాణిని, కొడుకుని వెంటబెట్టుకుని మోతీనగర్ వచ్చాడు. వస్తూనే చేతులు జోడించాడు. "వందనాలమ్మా. ఆ రోజు భయపెట్టినందుకు క్షమించాలి. దేవుడు ఈ గొంతే ఇచ్చాడు, ఏం చేయను?"

పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. వానల గురించి, రోడ్ల మీది గుంతల గురించి మాట్లాడుకున్నారు. షాలిని, చరణ్ ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డారు. ఎస్తేరు రాణి మాత్రం వంటింట్లోకి వెళ్లి గిన్నెలు అందుకుంటూ, "మా వాడు ఇంట్లో వారం రోజులుగా పాటలు పాడుతున్నాడు వదినా. తట్టుకోలేకపోతున్నాం," అని గుసగుసగా చెప్పింది. ఫిలోమినాకి నవ్వొచ్చింది. దాచుకుంది.

వడ్డన అయింది. అందరూ కూర్చున్నారు.

"అన్నయ్య గారూ, ప్రార్థన మీరు చేయండి," అంది ఫిలోమినా, మర్యాదకి.

సుందర్ రాజు కళ్లు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు. ఎంతమంది హీరోల్ని బెదిరించిందో ఆ గొంతు, ఇప్పుడు మెత్తగా, తడిగా వచ్చింది.

"తండ్రీ, ఈ భోజనం కోసం స్తోత్రం. దీన్ని వండిన చేతుల్ని దీవించు. ఈ ఇంటిని ఒంటరిగా నిలబెట్టిన ఈ చెల్లెమ్మకి తోడుగా ఉండు. మా అబ్బాయికి బుద్ధి ఇవ్వు. వాళ్లు ఏ గుడికి వెళ్లినా నీ ఎదుటికే వస్తారు, రెండు గుళ్లలోనూ వాళ్లకి చోటుంచు. మా కోడలిని..."

ఆగిపోయాడు. ఎవరూ ఇంకా ఆ మాట అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

షాలిని కళ్లు తెరవడానికి భయపడింది. చరణ్ ఊపిరి పీల్చడం మానేశాడు. ఎస్తేరు రాణి భర్త మోకాలు గిల్లింది.

"ఆపారేం అన్నయ్య గారూ?" అంది ఫిలోమినా, కళ్లు మూసుకునే. "కోడలి గురించి పూర్తిగా అడగండి. అన్నం చల్లారిపోతోంది."

సుందర్ రాజు మళ్లీ తల వంచాడు. "మా కోడలిని దీవించు తండ్రీ," అని ముగించాడు.

"ఆమేన్," అంది ఫిలోమినా, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా.